132 క్యారియర్ మూతలు, ఒక ఇన్‌లాండ్ లెటరు

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక పాత్రల కొట్టు మెట్ల మీద కూర్చుని నేను ఈ పని నేర్చుకున్నాను. జుయ్‌మని వణికే కరెంటు పెన్నుతో బిందెల మీద, పళ్ళేల మీద, పాలగిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టేవాణ్ణి. పెళ్ళిలో చదివించే పాత్ర అయితే ఇచ్చేవాళ్ళ పేరు, తేదీ. ఇంట్లో వాడుకునేది అయితే ఇంటిపేరు పొడి అక్షరం, ఇంటావిడ పేరు. ఎవరింట్లో శుభకార్యం జరిగినా వీధిలోని గిన్నెలన్నీ అక్కడికి చేరేవి. తెల్లారాక ఎవరి గిన్నె వాళ్ళింటికి తిరిగి రావాలంటే దాని మీది పేరే ఆధారం.

ఇప్పుడు నా దగ్గర రెండు లేజర్ మెషీన్లు ఉన్నాయి. లోహానికి ఫైబర్ లేజర్, చెక్కకూ తోలుకూ అక్రిలిక్‌కూ సీఓటూ లేజర్. కిందటి దసరాకు ముందు ఒకే నెలలో రెండు పనులు వచ్చాయి. ఒకటి చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీది, 132 మంది కార్మికులకు కానుకలు. రెండోది తిరుపతిలో ఒక లెక్చరర్ మేడమ్ వాళ్ళమ్మకు ఇవ్వాలనుకున్న ఒకే ఒక్క వస్తువు. రెండూ వేరువేరు పనులే అయినా ఒకదాంట్లో చేసిన తప్పును రెండోది చూపించింది. అందుకే రెండింటినీ కలిపి రాస్తున్నాను. ఇద్దరి అనుమతీ తీసుకున్నాను, పేర్లు మాత్రం రాయడం లేదు.

ఫ్యాక్టరీ ఏం అడిగింది

తోతాపురి సీజను ముగిసి ఫ్యాక్టరీలో కాస్త ఊపిరి ఆడే సమయంలో మేనేజరు వచ్చారు. కంపెనీకి 25 ఏళ్ళు నిండాయి, ఆయుధ పూజ నాడు కార్మికులందరికీ ఒక జ్ఞాపిక ఇవ్వాలని ఓనరు అనుకున్నారు. ఆయన తెచ్చిన నమూనా ఒక చెక్క ఫలకం. పైన కంపెనీ లోగో, దాని కింద ఫ్యాక్టరీ ఫొటో, ఒక ఇంగ్లీషు నినాదం, ఫోన్ నంబరు, మూలన చిన్నగా వేంకటేశ్వర స్వామి. తలకు 700 రూపాయల దాకా పెడతామన్నారు.

నేను ఆయన్ను అడిగిన మొదటి ప్రశ్న, ‘ఇది వాళ్ళింట్లో ఎక్కడ పెట్టుకుంటారు సార్?’ ఆయన కాసేపు ఆలోచించి, ‘టీవీ పక్కన పెట్టుకుంటారేమో అన్నా’ అన్నారు. అక్కడ పనిచేసేది ఎక్కువమంది ఆడవాళ్ళు. కొందరు అద్దె గదుల్లో ఉంటారు, కొందరు చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోల్లో వస్తారు. అందరిళ్ళలో గోడకు మేకు కొట్టుకునే వీలు ఉండదు. అలాంటి ఇంటికి ఫోన్ నంబరున్న ఫలకం వెళితే ఆర్నెల్లలో బీరువా మీదికి, ఆ తర్వాత మంచం కిందికి పోతుంది. పోయిందని ఎవరినీ తప్పుపట్టలేం.

మధ్యాహ్నం వాళ్ళు ఎక్కడ తింటారని అడిగాను. ఒక పెద్ద షెడ్డు ఉందట, గోడ పొడవునా అరలు ఉన్నాయట, పొద్దున రాగానే క్యారియర్లు వాటిలో పెట్టి లోపలికి వెళతారట. అక్కడికి నా మనసు స్థిరపడింది. రోజూ చేతిలో ఉండేది, రోజూ తోమేది, పేరు నిజంగా అవసరమయ్యేది స్టీలు క్యారియర్. మేనేజరు ఓనరుకు ఫోన్ చేశారు. ఓనరు ఒక్కటే అడిగారట, ‘మన లోగో ఎక్కడ ఉంటుంది?’ అని. మూత మీద కార్మికుల పేరు, అడుగు గిన్నె కింద లోగో, 25 ఏళ్ళ గుర్తు అని చెప్పాను. ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. డబ్బు పెట్టేది ఆయన కాబట్టి ఆ రెండు రోజులు నేను తొందర పెట్టలేదు.

స్వామి బొమ్మ వద్దన్నాను. తిరుపతిలో కూర్చుని ఈ మాట చెప్పడం సులువు కాదు, నా దగ్గరికి వచ్చే ఆర్డర్లలో చాలావాటికి స్వామి ఉండాలంటారు. పూజగదిలో ఉండే ఇత్తడి పళ్ళేనికో, బల్ల మీద నిలబెట్టే ఫలకానికో సంతోషంగా వేస్తాను. క్యారియర్ సంగతి వేరు. అందులో ఒకరోజు మాంసం కూర ఉంటుంది, కుళాయి కింద కాళ్ళ దగ్గర పెట్టి తోముతారు. మేనేజరుకు ఇది చెప్పగానే అర్థమైంది. నామం వేయమని అడిగేవాళ్ళకు కూడా ఒక సలహా: నెట్‌లో దొరికిన బొమ్మ ఏదో ఒకటి ఇవ్వకండి. వైష్ణవుల్లో వడగలై శాఖ నామం వేరు, తెంగలై శాఖ నామం వేరు, ఆ తేడా ఉన్న ఇంటికి అది చిన్న విషయం కాదు.

స్టీలు

నాలుగు గిన్నెల క్యారియర్ 430 రూపాయలకే ఇస్తానని ఒక టోకు వ్యాపారి నమూనా పంపాడు. తుప్పును బాగా ఆపే 304 గ్రేడు స్టీలు అన్నాడు. అయస్కాంతం అంటుకోలేదు చూడండి అని చూపించాడు కూడా. అయస్కాంతం అంటుకోకపోతే 304 అని చాలామంది నమ్ముతారు, నేనూ చాలాకాలం నమ్మాను. కానీ నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన 202 లాంటి రకాలకు కూడా అయస్కాంతం అంటదు. ద్రావకం చుక్క వేసి చిన్న బ్యాటరీతో చూసే కిట్ ఒకటి దొరుకుతుంది. వేశాను, చుక్క ఎర్రగా తిరిగింది. అంటే మాంగనీస్ ఎక్కువ.

దాని మీద చెక్కడానికి ఏమిటి ఇబ్బంది అని అడగొచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఆపేది పైనున్న క్రోమియం ఆక్సైడ్ పొర. కంటికి కనిపించనంత పల్చన. లేజర్ వేడి ఆ పొరను చెదరగొడుతుంది. లోహాన్ని నెమ్మదిగా వేడెక్కించి నల్లగా మార్చే పద్ధతిలో అక్షరం ఎంతో అందంగా కనిపిస్తుంది కానీ, వేడి ఎక్కువైతే ఆ పొరకు దెబ్బ ఎక్కువ. నేను రెండు రకాల స్టీలు మూతల మీదా మూడు తీర్లలో ఒకే పేరు చెక్కాను: నలుపు, లోతు, పైపైన తెల్లగా. చింతపండు పులుసులో ఉప్పు కలిపి రెండు రాత్రులు నానబెట్టాను. మన వంటలో ఆ రెండూ లేని రోజు ఉండదు కదా. మూడో రోజు పొద్దున 202 మూత మీది నల్ల అక్షరాల అంచుల్లో తుప్పు చుక్కలు కనబడ్డాయి. 304 మీద పైపైన చెక్కింది శుభ్రంగా ఉంది. కొబ్బరి పీచు, ఇనుప పీచు రెండింటితో తోమి చూశాను, చదవడానికి ఇబ్బంది లేదు.

అలా 304 తీసుకున్నాం, వేరే వ్యాపారి దగ్గర, 620 రూపాయలకు. ఆ ధరకు నాలుగో గిన్నె వదులుకోవాల్సి వచ్చింది. అన్నం, పప్పు, మజ్జిగ, మూడు చాలన్నారు మేనేజరు. చెక్కుడు కూలి 60 రూపాయలు. పెద్ద ఆర్డరు పెట్టే కంపెనీలకు ఇంకొక మాట చెప్పాలి: బహుమతిగా ఇచ్చేసిన వస్తువు మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే దాన్ని కంపెనీ కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేరు. లెక్క వేసుకునేటప్పుడు పన్నుతో కలిపిన ధరే వేసుకోవాలి. ఈ సంగతి బిల్లు ఇచ్చాక కాకుండా మొదటి రోజే చెప్పడం నా అలవాటు.

మూత మీద పేరు ఎక్కడ వేయాలన్నది కూడా చేతిలో పట్టుకుంటేనే తెలిసింది. కంప్యూటరులో మూత మధ్యలో పెట్టి చూస్తే చక్కగా ఉంది. క్యారియర్ బిగించగానే పట్టీ సరిగ్గా పేరు మీదికి వచ్చింది. ‘మునిలక్ష్మి’లో మధ్య అక్షరాలు మాయమయ్యాయి. పట్టీకి ఒక పక్కన మిగిలే అర్ధచంద్రం లాంటి చోటుకు పేరు జరిపాను. అరలో వరుసగా పెట్టినా పైనుంచి చదవొచ్చు.

తెలుగు అక్షరానికి ఇంగ్లీషు కంటే ఎత్తు ఎక్కువ కావాలి. పైన గుడి, కింద వత్తు, ‘క్ష్మి’ లాంటి చోట వత్తు కింద వత్తు. ఈ మూతలకు అక్షరం నడుము 7 మిల్లీమీటర్లు పెట్టి, పైకీ కిందికీ చోటు వదిలాను. ఫాంటు మరీ సన్నగా ఉంటే స్టీలు మెరుపులో కలిసిపోతుంది. రామభద్ర లాంటి లావు ఫాంటు బోర్డు మీద గంభీరంగా ఉంటుంది కానీ చిన్న సైజులో ‘ష’, ‘ఘ’ లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. మండలి అనే ఫాంటు వాడాను. మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా టైప్ చేస్తే వత్తులు విడిపోయి పక్కన పడతాయి, ‘శ్రీ’ మూడు ముక్కలవుతుంది. అందుకని ప్రతి పేరునూ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, గీతలుగా మార్చి, అప్పుడు మెషీన్‌కు ఇచ్చాను. 132 పేర్లు, 132 సార్లు. ఎక్సెల్ షీటు ఇస్తే మెషీన్ తనంతట తాను వేసుకుంటూ పోయే సౌకర్యం మన లిపికి నా మెషీన్‌లో లేదు.

తప్పు

పేర్ల జాబితా ఫ్యాక్టరీ నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చింది, జీతాల రిజిస్టరులోంచి తీసింది. నేను దాన్ని చూసి తెలుగులో టైప్ చేసుకుంటూ పోయాను. మొదటి విడత 24 మూతలు చెక్కి చిత్తూరు పంపాను.

వాటిలో 7 తప్పు.

దానమ్మ అనే ఆమెను ధనమ్మ అని రాశాను. సరళ ‘సరల’ అయింది. షణ్ముగం ‘షన్ముగం’ అయ్యాడు. ఆరుముగం పేరులో మొదటి దీర్ఘం పోయింది. మిగతా మూడూ ఇలాంటివే. ఇంగ్లీషు అక్షరాల్లో ద, ధ ఒకటే. ల, ళ ఒకటే. న, ణ ఒకటే. హ్రస్వ దీర్ఘాలు రాసేవాడి ఇష్టం. అందులోనూ చిత్తూరు అరవ సరిహద్దు జిల్లా, ఒకే పేరును ఒక ఇంట్లో ఒక తీరుగా, పక్కింట్లో ఇంకో తీరుగా పలుకుతారు. కన్నెమ్మా, కన్నియమ్మా? తిరుపతిలో కూర్చుని నేను తేల్చగలిగేది కాదు. ఇన్నేళ్ళ అనుభవం ఉండి కూడా ఊహించి రాశాను. ఆ తప్పు నాదే.

స్టీలు మీద చెక్కింది చెరపలేం. పాలిష్ పట్టినా నీడ మిగులుతుంది. మూతలు విడిగా అమ్మనన్నాడు వ్యాపారి, 7 క్యారియర్లు పూర్తిగా కొన్నాను, 4,340 రూపాయలు. ఆ డబ్బు ఫ్యాక్టరీని అడగలేదు. డబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది దానమ్మ మాట. మేనేజరు ఆమెకు మూత చూపించి ఇది నీదే అంటే, ‘నాది కాదు సామీ, ధనమ్మ ఎవరో వేరే మనిషి’ అని పక్కన పెట్టేసిందట.

ఇన్‌లాండ్ లెటరు

మేనేజరు ఫోన్ చేసిన సాయంత్రమే లెక్చరర్ మేడమ్ వచ్చారు. వాళ్ళమ్మకు 70 నిండుతున్నాయి. నాయన పోయి నాలుగేళ్ళు. ఎర్రచందనం పెట్టె మీద అమ్మానాన్నల ఫొటో, కింద ఒక మంచి ఇంగ్లీషు కొటేషను చెక్కించాలని వచ్చారు.

ఎర్రచందనం సంగతి ముందు తేల్చాను. మన శేషాచలం కొండల చెట్టు అది, ముప్పున్న మొక్కలు, జంతువుల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న సైటిస్ ఒప్పందం రెండో అనుబంధం కింద దాని అంతర్జాతీయ వ్యాపారం నియంత్రణలో ఉంది, ఇక్కడ అటవీ చట్టాలు ఉన్నాయి. బిల్లు, అటవీ శాఖ కాగితాలు లేని ముక్కను నా మెషీన్ మీద పెట్టను. ‘ఎవరో తెలిసినవాళ్ళు ఇస్తామన్నారు’ అనే మాటకు అసలే పెట్టను. శ్రీకాళహస్తి దారిలో మాధవమాల పనివాళ్ళ చేత టేకు పెట్టె చేయిద్దామన్నాను. వాళ్ళ చేతిలో టేకు ఎంత చక్కగా కుదురుతుందో చూపించడానికి నా దగ్గర ఒక పెట్టె ఉంది. మేడమ్ దాన్ని తిప్పి చూసి సరేనన్నారు.

కొటేషను గురించి అడిగితే అమ్మకు ఇంగ్లీషు రాదన్నారు. నాయన రాసిన కాగితం ఏదైనా ఉందా అని అడిగాను. మరుసటి రోజు ఆమె ఒక సంచి తెచ్చారు. నిండా ఇన్‌లాండ్ లెటర్లు. ఆయన ఉద్యోగం మీద వేరే ఊళ్ళో ఉన్న రోజుల్లో భార్యకు రాసినవి. ఒక్కో ఉత్తరం నిండా లెక్కలే, పాలవాడికి ఇంత, బియ్యానికి ఇంత. ప్రతి ఉత్తరం చివరా సంతకానికి ముందు ఒకే ప్రశ్న: ‘నువ్వు తిన్నవా?’

తిన్నావా అని కాదు, తిన్నవా. దీర్ఘం లేదు. ఒకటి కాదు, చూసిన అన్ని ఉత్తరాల్లోనూ అంతే. మేడమ్ తెలుగు చెప్పే మనిషి. ‘దీర్ఘం కలిపేయండి అన్నా, చూసినవాళ్ళు నవ్వుతారు’ అన్నారు. వద్దమ్మా అన్నాను. వాళ్ళమ్మ ఆ మాటను అలాగే చదువుకుంది అన్నేళ్ళూ. నేను దీర్ఘం పెడితే అది ఆయన రాత కాదు, నా రాత. ఆమె ఉత్తరాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయి, ‘అలాగే ఉంచండి’ అన్నారు.

నీలం కాగితం మీద వెలిసిపోయిన నీలం ఇంకు. 600 డీపీఐలో స్కాన్ చేసి, కాగితం రంగును తీసేసి, గీత తెగిన చోట్ల మాత్రమే చేత్తో కలిపాను. చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. కంప్యూటరు తనంతట తాను గీసిన అంచుల్ని నునుపుగా చేసేస్తారు. అప్పుడు ఎవరి రాతైనా ఒకేలా కనిపిస్తుంది. పెన్ను ఆగిన చోట ఇంకు లావుగా పడుతుంది, వేగంగా తిప్పిన చోట సన్నబడుతుంది. మనిషి ఆ తేడాలోనే కనిపిస్తాడు, అది పోకూడదు.

టేకు మీద నేరుగా చెక్కి చూస్తే చెక్క గీతల్లో ఆయన సన్నని గీతలు కలిసిపోయాయి. మూతలో ఒక మిల్లీమీటరు మందం ఇత్తడి రేకు పొదిగి దాని మీద చెక్కాను. ఇత్తడి వెలుతురును వెనక్కి కొడుతుంది, వేడిని చుట్టూ పంచేస్తుంది, ఒకే దెబ్బకు లోతుగా వెళితే అంచులు కరిగి గరుకవుతాయి. పలచగా పదిసార్లు తిప్పాను. అక్షరాల్లో నల్ల రంగు నింపమని మేడమ్ అడిగారు. నింపలేదు. ఇత్తడి ఉన్న ఇంట్లో చింతపండు పెట్టి తోమకుండా ఉండరు, రెండు పండగలకు రంగు ఊడొస్తుంది. లోతు ఉంటే దాని నీడే అక్షరాన్ని చూపిస్తుంది. ఫొటో వేయలేదు, తేదీ మాత్రం పెట్టె లోపల వేశాను.

చీటీలు

ఆ ఉత్తరాలు బల్ల మీద ఉండగానే మేనేజరుకు ఫోన్ చేశాను. ఇంగ్లీషు జాబితా నాకొద్దు, 132 తెల్ల చీటీలు పంచి, ఎవరి పేరు వాళ్ళనే నల్ల బాల్‌పెన్నుతో రాయమనండి అని. షిఫ్టు మారే వేళ రెండు రోజుల్లో అయింది. 91 మంది తామే రాశారు. మిగిలిన 41 మందికి లైన్ సూపర్‌వైజరు ఒకావిడ అడిగి రాసి, రాసింది మళ్ళీ పైకి చదివి, అవునన్నాక పక్కన టిక్కు పెట్టారు. అనుమానం ఉన్నవాటికి వాళ్ళ గొంతుతోనే వాట్సాప్‌లో పంపారు. షణ్ముగం గొంతులో ఆ ‘ణ’ ఎంత స్పష్టంగా ఉందో.

చీటీలు చూశాక నాకు ఉత్సాహం ఆగలేదు. అందరి సొంత రాతనే మూత మీద వేద్దామనుకున్నాను. వాళ్ళను అడగమన్నాను. 91 మందిలో 38 మందే సరేనన్నారు. మిగతావాళ్ళు ‘నా రాత బాగుండదు, అచ్చులో కొట్టమను’ అన్నారు. నాకు అందంగా కనిపించిన వంకర అక్షరం, రాసిన మనిషికి బడి మానేసిన రోజును గుర్తుచేయొచ్చు. వాళ్ళు అడిగినట్టే అచ్చులో వేశాను. ఒకామె ‘రెడ్డెమ’ అని రాసింది. ఇన్‌లాండ్ లెటరు దగ్గర దీర్ఘం కలపనన్న నేను ఇక్కడేం చేయాలి? ఆమెనే అడిగించాను. రెడ్డెమ్మ అనే వేయమంది, వత్తు ఎలా పెట్టాలో తెలియక వదిలేశానంది. వేశాను. ఉత్తరం రాసినాయన లేడు, అడగలేం, కాబట్టి ముట్టుకోలేదు. ఈమె ఉంది, అడిగాం.

విదేశీ కొనుగోలుదారులకు ఓనరు విడిగా 12 లోహపు పెన్నులు చేయించారు. వాళ్ళ ఈమెయిళ్ళ కింద ఉన్న సంతకం చూసి స్పెల్లింగు సరిచూసుకున్నాం, ఒక పూటలో అయిపోయింది.

ఆ తర్వాత

ఆయుధ పూజ నాడు నన్నూ పిలిచారు. ఓనరు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఇచ్చారు, మూత చదివి. దానమ్మ తన పేరు మీద వేలు పెట్టి పక్కామెకు చూపించడం చూశాను.

సరిగ్గా రానిది ఒకటుంది. మూతల మీద పేర్లున్నాయి కానీ గిన్నెల మీద లేవు. కుళాయి దగ్గర 132 మంది ఒకే రకం గిన్నెలు తోముకుంటే రెండు వారాల్లో గిన్నెలు తారుమారయ్యాయి. గాంధీ రోడ్డు మెట్ల మీద మొదటి నెలలోనే నేర్చుకున్న పాఠం అది, పాత్రకు ఎన్ని ముక్కలుంటే అన్నింటి మీదా గుర్తుండాలి. మేనేజరు ఫోన్ చేస్తే ఒక ఆదివారం మెషీన్‌ను వ్యానులో వేసుకుని చిత్తూరు వెళ్ళి, ఎవరి గిన్నెలు వాళ్ళు తెచ్చుకుంటే అంచు కింద పొడి అక్షరాలు వేసి వచ్చాను. దానికి కూలి తీసుకోలేదు, ఆలోచించి ఉండాల్సింది నేనే.

లెక్చరర్ మేడమ్ మొన్న ఒక పెళ్ళి కానుక కోసం వచ్చారు. టేకు పెట్టె ఎక్కడ పెట్టుకున్నారమ్మా అని అడిగాను. వాళ్ళమ్మ అందులో బీపీ మాత్రలు పెట్టుకుంటోందట, రెండు పూటలా తిన్నాకే వేసుకోవాల్సినవి.

ఫ్యాక్టరీలో ఈ సీజనుకు 18 మంది కొత్తగా చేరారు. చీటీలు నిన్న కవరులో వచ్చాయి. ఒక చీటీ మీద పేరు లేదు, వేలిముద్ర ఉంది. దాని కింద సూపర్‌వైజరమ్మ రాసింది: ‘కన్నెమ్మ. కన్నియమ్మ కాదు, రెండుసార్లు అడిగాను.’ క్యారియర్లు రేపు పొద్దున వస్తాయి. ఈసారి 20 తెప్పిస్తున్నాను.